అందరి ముందర అలయ్ బలయ్

దసరా మరునాడు శ్వేత పిల్లను చంకనేసుకొని దంతాలపల్లి రోడ్డు మీది ఒడ్ల మిల్లుకు పోయింది. ముందటి రోజు ఆ మిల్లు వాకిట్లోనే ఆమె పెనిమిటి జితేందర్, మిల్లు యజమాని రాంచందర్ సేటును తోసేశాడు. జమ్మి ఆకు సేటు చేతిలో పెట్టి, అందరిలాగే దండం పెట్టాడు. అంతవరకు బాగానే ఉంది. పండుగ సంబురంలో సేటు అతన్ని దగ్గరికి లాక్కుని, కావలించుకుని అలయ్ బలయ్ ఇవ్వబోయాడు. జితేందర్ రెండు చేతులతో నెట్టాడు. సేటు పోయి బస్తాల మీద పడ్డాడు. హమాలీలంతా చూశారు.

"రేపటి సంది పనికి రాకు" అన్నాడు సేటు.

బస్తాల మూతులు కుట్టడం జితేందర్ పని. మిల్లు మోత అతన్ని ఏమీ చేయదు, పొద్దంతా అది ఒకేతీరుగా ఉంటుంది. చెప్పకుండా మీద చెయ్యి పడితేనే ఒళ్లు కాలినట్టవుతుంది. దీనికి ఆటిజం అని పేరుందని వరంగల్ దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది. పనికాడ ఏమేం మార్చాలో కూడా చెప్పింది. శ్వేత తొమ్మిదో తరగతిలోనే బడి మానింది. దారి పొడుగునా డాక్టరమ్మ మాటలు నోట్లోనే చెప్పుకుంటూ వచ్చినా, సేటు ముందర నిలబడేసరికి సగం ఎగిరిపోయాయి.

"సేటూ, ఆయన కావాలని చెయ్యలే. ఎవలన్న ముట్టుకుంటే తట్టుకోడు. ఎనుక నుంచి ముట్టొద్దని, ఒక పని అయినంకనే ఇంకోటి చెప్పాల్నని అందరికి జర చెప్పుర్రి. గోడ పక్క జాగల కూసోనియ్యిర్రి. గంతే."

"నిన్ను గూడ ముట్టడా ఏంది?" హమాలీ మొండయ్య నవ్వాడు. "మరి గీ పిల్ల యాడికెల్లి వచ్చింది?"

శ్వేత మొహం కందగడ్డయింది.

"నోర్ముయ్ రా" అని మొండయ్యను కసిరాడు సేటు. "బిడ్డా, పని మంచిగ చేస్తడు, నేను కాదంటలేను. కానీ అందరి ముందర నన్ను కింద పడగొట్టిండు. అందరి ముందరనే ఒక్కసారి అలయ్ బలయ్ ఇయ్యమను. నా ఇజ్జత్ నాకుంటది. అటెన్క నువ్వన్నట్టే గోడ పక్క కూసోవెడ్త. ఎవ్వడు ముట్టడు. నాది మాట."

ఒక్కసారే కదా అనుకుంది శ్వేత. తలూపింది.

ఇంటికి వచ్చి జితేందర్‌కు చెప్పింది.

"గట్టిగ పట్టుకుంటడా, మెల్లగనా?" అని అడిగాడు.

"ఏమో మరి."

"ఒక్కసారి చేస్తే మల్ల ఎవలు ముట్టరు. అంతేనా?"

"అంతే. సేటు మాటిచ్చిండు."

ఆ సాయంత్రమంతా తననే సేటు అనుకొమ్మని కావలించుకోవడం నేర్పింది. ఆమె చేతులు చాచిన ప్రతిసారీ అతని మెడ నరాలు తాళ్లలా లేచాయి.

తెల్లారి మిల్లులో హమాలీలు చుట్టూ నిలబడ్డారు. జితేందర్ కళ్లు మూసుకుని సేటును కావలించుకున్నాడు. సేటు అతని వీపు చరిచి, ఈ భుజం ఆ భుజం మార్చి హత్తుకున్నాడు. ఈలలు పడ్డాయి. జితేందర్ దవడ బిగుసుకుపోయింది, చేతులు మాత్రం నెట్టలేదు.

"సూశిండ్రా! బీమారి లేదు, గీమారి లేదు. మనోడు మంచిగైండు!" సేటు నిజంగానే సంతోషపడ్డాడు.

అప్పటినుంచి అదొక ఆటయింది. గేటు దాటగానే ఒకడు "అలయ్ బలయ్!" అంటూ మీద పడతాడు. కుడుతుంటే ఇంకొకడు వెనుక నుంచి వాటేసుకుంటాడు. పగతో కాదు, జితేందర్ తమలో కలిశాడని వాళ్ల సంబురం. గోడ పక్క జాగాలో తవుడు బస్తాలు వేశారు. జితేందర్ ఇంటికి వచ్చి మంచానికీ గోడకూ నడుమ సందులో కూర్చుంటున్నాడు. పిల్ల "నాయినా" అంటూ పాకుతూ వస్తే కాళ్లు ముడుచుకుంటున్నాడు.

శ్వేత మళ్లీ మిల్లుకు పోయింది.

"మాటిచ్చిండ్రు గదా సేటూ..."

"ఇచ్చిన, లేదంటలేను. కానీ ఇప్పుడు గదేం అవసరం బిడ్డా? నా కండ్ల ముందర చేసిండు గదా! చెయ్యొస్తది. నువ్వే గారాబం చేసి ఖరాబ్ చేస్తున్నవ్."

చెయ్యడం వేరు, తట్టుకోవడం వేరు అని చెప్పాలనుంది. డాక్టరమ్మయితే సక్కగా చెప్పేది. శ్వేత నోటికి ఒక్క ముక్కే వచ్చింది.

"ఆయనకు మస్తు కష్టమైతుంది."

"పనన్నంక కష్టముండదా?" అని సేటు కాంటా దిక్కు నడిచాడు.

మరునాడు పొద్దున జితేందర్ చెప్పులేసుకుని, సద్ది గిన్నె పట్టుకుని గడప దగ్గర ఆగాడు.

"సేటుతోని మాట్లాడినవా?"

"మాట్లాడిన."

"ఇయ్యాల ముట్టరు గదా?"

శ్వేత పిల్ల మూతి తుడుస్తున్నట్టు తల వంచుకుంది. ముట్టరని చెప్తే నమ్మి పోతాడు, మొన్న నమ్మినట్టే. ముడతారంటే ఇల్లు కదలడు.

"పోరాదూ, ఆలిశ్యమైతది" అంది.

జితేందర్ కదల్లేదు. అడిగినదానికి అది జవాబు కాదు.

"ముడతరా, ముట్టరా?" అని మళ్లీ అడిగాడు.