రెండు తప్ప అన్నీ

పద్మమ్మ వంట రాని మనిషి కాదు. తొగుటలో పుట్టింట ఆమె పచ్చిపులుసు కలిపితే పక్కింటివాళ్లు గిన్నెలు పట్టుకొచ్చేవాళ్లు. అలాంటిది సిద్దిపేటలో రామేశ్వర్ సారుకు రెండో భార్యగా కాపురానికి వచ్చినప్పటి నుంచి, మొదటి భార్య కూతురు విజయరాణి ఆమెతో కలిసి ఒక్క ముద్ద తినడం లేదు. కంచం పట్టుకుని అరుగు మీదికి పోతుంది. పద్మమ్మ కారం తగ్గించి చూసింది, చింతపండు మార్చి చూసింది. ఏం లాభం! ఈ ఒక్క పిల్ల తనను కాదనుకుంటే ఇల్లంతా ఉండీ తనకు ఏమీ లేనట్టే అనిపించేది.

చివరికి ఎదురింటి కిష్టవ్వ నోరు విప్పింది.

"పొయ్యి పక్కన పీట మీద కూసుంటున్నవట. గది విజయరాణి తల్లి భారతమ్మది పిల్లా. ఆమె పోయినంక గూడ బువ్వల యాళ్లకు ఆ పీట వేసి ఉత్తగనే ఉంచుతరు."

పద్మమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. కాపురానికొచ్చిన మర్నాడు విజయరాణి ఆ పీటను తుడిచి వేస్తుంటే, తన కోసమే అనుకుని ఎంత మురిసిపోయింది! పోయి చక్కగా కూర్చుంది కూడా. ఊరి పిల్లలందరికీ లెక్కలు చెప్పే మొగుడికి ఈ ఒక్క ముక్క పెళ్లానికి చెప్పాలని తోచలేదు. ఏమనాలి ఇలాంటి మనిషిని!

కళ్లనీళ్లు తుడుచుకుని, ఆ పీట కంటికి కనబడకపోతే గొడవే ఉండదనుకుంది. అటక మీద పడేద్దామని చేతిలోకి తీసుకుంది. అప్పుడే ముందుగదిలోంచి తండ్రీకూతుళ్ల మాటలు వినిపించాయి. పలక మీద ఏదో భిన్నం నడుస్తోంది.

"పైన క వర్గం మైనస్ నాలుగు, కింద క మైనస్ రెండు. పైనా కిందా క మైనస్ రెండు కొట్టేసిన బాపూ. క ప్లస్ రెండు మిగిలింది. ఇగ క జాగల ఏ అంకె పెట్టినా నడుస్తది."

"నడ్వది. మొదటి లెక్కల రెండు పెట్టి చూడు. కింద ఏమొస్తది?"

"సున్న."

"సున్నతోని భాగిస్తరా?"

"కొట్టేసినంక ఇగ కింద ఏమున్నది?"

"కొట్టేసింది నువ్వు. లెక్క పుట్టినప్పుడు గది ఉండె గద! కొట్టేసినా రెండు జాగ ఉత్తగనే ఉండాలె. రెండు తప్ప మిగిలిన అంకెలన్నీ పెట్టు, ఎవలొద్దన్నరు?"

పద్మమ్మ పీట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. లెక్క సగమే అర్థమైంది. ఆ సగం చాలు. పీటను శుభ్రంగా కడిగి, తుడిచి, పొయ్యి పక్కన ఎప్పటి చోటనే వేసింది. తను కూర్చోవడానికి ఇంకో పీట తెచ్చి, వేయకుండా చేతిలోనే పట్టుకుంది.

అన్నానికి వచ్చిన విజయరాణి గుమ్మంలో ఆగిపోయింది.

"తెల్వక కూసున్న బిడ్డా," అంది పద్మమ్మ. "మీ బాపు చెప్పిన గా రెండు జాగ మీ అమ్మదే. ఇగ నేనేడ కూసోవాల్నో నువ్వే చెప్పు."

పిల్ల లోపలికి వచ్చింది. తల్లి పీట వంక చూసింది, పద్మమ్మ వంక చూసింది. తర్వాత తన పీటను కొంచెం పక్కకు జరిపి, ఆ ఖాళీలో నేల మీద చేత్తో తట్టింది.

"గీడ కూసో చిన్నమ్మా. ఇంత పులుసు పొయ్, ఆకలైతుంది."