ఉప్పునీళ్ల తొట్టి

అజ్మతుల్లా గాజుతొట్టి మూలల్లో ఆరిన గమ్మును బ్లేడుతో గీకి, పిండి ఊదినట్టు ఊదేశాడు. చిత్తూరులో కిటికీలకూ, షోకేసులకూ, దేవుడి పటాలకూ అద్దాలు కోస్తూ ముసలివాడైన మనిషి. ఈమధ్య చేపల తొట్లు కూడా చేస్తున్నాడు. పని అయ్యాక కాసేపు నిలబడి చూసుకుని మురిసిపోతాడు. ఆయన భార్య ఉమ్మే సల్మాకు అది చూస్తే నవ్వు. నవ్వితే నవ్వనీ, అనుకుంటాడు.

ఈ తొట్టి దేవకమ్మ ఇంటికి. ఆవిడ రిటైరైన నర్సు, ఊళ్లో ఇంకో వీధిలో ఒక మేడమీద అద్దెకుంటుంది. మద్రాసులో ఎవరింట్లోనో సముద్రపు పగడాలను చూసి మనసు పారేసుకుని, హాల్లో తొట్టి పెట్టుకుంది. మొదట దానికి తగిలించిన ఫిల్టరు మామూలు చేపలకు వాడే డబ్బా. స్పాంజిలో మురికి నిలిచిపోయి నీళ్లు పాడయ్యేవి. తర్వాత ఎవరో నీళ్లు శుభ్రం చేసేందుకని తొట్టి కింద ఇంకో తొట్టి అమర్చి పోయారు. కరెంటు పోగానే పైనీళ్లు కిందికి దిగి, పొంగి, హాలంతా పారి, కింది వాటా గోడలు తడిశాయి. ఇంకోసారి ఇలా జరిగితే తొట్టి తీసెయ్యాల్సిందేనని ఓనరు తెగేసి చెప్పాడు. కొత్త తొట్టి చెయ్యమని అడగడానికి వచ్చి ఆ మాట చెప్పినప్పుడు దేవకమ్మ కళ్లలో నీళ్లు తిరగడం అజ్మతుల్లా చూశాడు.

ఆయన కొత్త తొట్టితో మెట్లెక్కి వచ్చి చూస్తే పగడాలు ముడుచుకుపోయి ఉన్నాయి. గాజుకు తెల్లటి పొర కట్టింది.

"ఇందులో ఏం నీళ్లు పోస్తా ఉండావు మా?"

"ఉప్పునీళ్లే భాయ్. ఆవిరై తగ్గినప్పుడల్లా బోరు నీళ్లు పోస్తా ఉండా. సముద్రం చేపలు గదా."

అజ్మతుల్లా నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆ ఊళ్లో తాగేవి మంచినీళ్లు, బోరువి ఉప్పునీళ్లు. అందరూ అనే మాటే, పాపం ఆవిడ దాన్నే నమ్ముకుంది.

"ఆ ఉప్పు పప్పును ఉడకనీకుండా సేసేదానికే పనికొస్తాది మా. ఆవిరయ్యేది నీళ్లే. సముద్రం ఉప్పు ఆడనే ఉంటాది. తాగే క్యాను నీళ్లు పొయ్యి, సాలు."

దేవకమ్మకూ నవ్వొచ్చింది.

పాత కింది తొట్టిని తీసేసి, కొత్త తొట్టిని బల్ల కింద దూర్చి అరలు సర్దాడు. మొదటి అరలో మురికి పట్టే సంచి, నడిమి అరలో నురుగుతో పాటు మలినాన్ని లాగే గొట్టం, చివర మోటారు. నీళ్లను పైకి పంపే గొట్టానికి, పైతొట్టి నీటిమట్టానికి కాస్త కిందుగా చిన్న బెజ్జం పెట్టాడు.

"కరెంటు పోతే నీళ్లు ఈ గొట్టంలోనే ఎనక్కి దిగతాయి. బెజ్జం బయటపడితే గాలి పీలుస్తాది. ఆడికి నిలబడిపోతాయి."

మోటారు ఆపేశాడు. దేవకమ్మ గుడ్డా బకెట్టూ పట్టుకుని బల్ల పక్కన కూర్చుంది. కింది తొట్టిలో నీళ్లు లేచాయి, ఇంకా లేచాయి, అంచుకు నాలుగు వేళ్ల కింద ఆగాయి. అజ్మతుల్లా మార్కరుతో అక్కడ గీత గీసి, పైన ఉర్దూలో ఏదో రాశాడు.

"ఏం రాసినావు భాయ్?"

"బస్ అని రాసినా. ఇంతే, సాలు అని."

"నీళ్లకు ఉర్దూ వస్తాదా?"

"మన మాట వింటాయిలే మా."

తొట్టిని కాసేపు చూసుకుని ఇంటికి వెళ్లాడు. అన్నం తింటూ బోరు నీళ్ల సంగతి చెప్పి సల్మాను కడుపుబ్బ నవ్వించాడు. ఆ హుషారులోనే నడుం వాల్చాడు. సాయంత్రం అసర్ నమాజుకు సల్మా లేపితే లేవలేదు.

దేవకమ్మకు ఆ సంగతి తెలియదు. కొన్నాళ్లకు పగడాలు విచ్చుకుంటే సంబరంగా ఫోన్ చేసింది. సల్మా ఎత్తింది.

"ఆయన పోయినాడు మా. మీ ఇంటి నుంచి వచ్చిన దినమే. నవ్వుకుంటా పండుకున్నాడు."

దేవకమ్మ తొట్టి ముందు కూలబడి ఏడ్చింది. అంతలో కరెంటు పోయింది. మోటారు ఆగి, పైనీళ్లు గలగలా దిగడం మొదలుపెట్టాయి. ఆవిడ గుడ్డ కోసం లేవలేదు. కింది గాజు మీద, తనకు చదవడం రాని ఆ ఒక్క మాట కింద, నీళ్లు వచ్చి ఆగాయి.