పన్నెండు పసుపు చుక్కలు

ఇంజను తిరిగిన తీరు విన్నప్పుడే నాకు అనుమానం కలిగి ఉండవలసింది. సెల్ఫ్ కొట్టినప్పుడు బిగువున్న ఇంజను ఒక్కొక్క సిలిండరు దగ్గర ఊపిరి బిగబట్టి, తోసుకుంటూ తిరుగుతుంది. మా నాన్న ట్రక్కు ఆ బుధవారం దారం లేని కుట్టుమిషనులా గిర్రున తిరిగింది. అంటుకోలేదు.

శీతాకాలమంతా మా అన్న సెల్మర్ ఆ ఇంజనును తన షెడ్డులో విప్పి, బోరు చేయించి, కొత్త పిస్టన్లూ రింగులూ వేసి, మళ్ళీ కూర్చాడు. నలభై ఏళ్ళు ఊరి గరాజు నడిపినవాడు. డెబ్బై రెండేళ్ళు వచ్చినా చెయ్యి వణకదు. నాకు అరవై ఆరు. సుపీరియర్ సరస్సు ఒడ్డున ఉన్న ఒక నేత పాఠశాలవారు నన్ను బోధించడానికి రమ్మన్నారు. సోమవారం ఉదయానికి మగ్గంతో సహా అక్కడ ఉండాలి. లేనిచో ఆ స్థానం మరొకరికి ఇస్తామని స్పష్టంగా రాశారు. మా అమ్మమ్మ నార్వే నుండి ఓడలో తెచ్చిన ఆ మగ్గం బస్సులో పట్టేది కాదు. ట్రక్కు సిద్ధం చేసి ఇస్తానని, అడగకముందే మాట ఇచ్చినవాడు అన్నే.

ఆ బుధవారం ఇంజను ఎంతకూ పలకకపోయేసరికి అన్న టోపీ తీసి, ఒక అరచెయ్యి బానెట్ మీద ఉంచి, రెండవ చేత నా చెయ్యి పట్టుకుని ప్రార్థించాడు. "ప్రభువా, మా చెల్లెలి ప్రయాణం నీ చేతుల్లో ఉంది. ఈ బండికి ఏం జబ్బు చేసిందో నువ్వే చూపించు."

నేను నిండు మనస్సుతో ఆమెన్ అన్నాను.

మరునాడు తీర్పు చెప్పాడు. "రింగులు పట్టలేదే చెల్లీ. కంప్రెషన్ లేదు, లోపల గాలి ఒత్తిడి నిలవడం లేదు. ఇంజను మళ్ళీ దించాలి."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"జూన్ అనుకో. విత్తనాలు వేయడం అయ్యేదాకా మెషిన్ షాపువాడు మన మొహం కూడా చూడడు."

"ఒకసారి ఒత్తిడి కొలిచే గేజి పెట్టి చూద్దామా అన్నయ్యా?"

"నలభై ఏళ్ళ చెవి ఇది. దీనికి గేజి కావాలా?" అని నవ్వాడు. "స్కూలు బస్సుల డిపోలో నాలుగు బోల్టులు బిగించి, నాకే పాఠాలు చెబుతున్నావు."

శనివారం ఉదయం చర్చి నేలమాళిగలో ఊరివారందరికీ పాన్‌కేకులు కాల్చే వంతు అన్నయ్యది. నేను స్పేర్ పార్టుల దుకాణం వెర్లిన్‌ను గేజి అడిగాను. గేజితోపాటు అతడూ అన్న షెడ్డుకు వచ్చాడు.

"మీ అన్నకి తెలిస్తే నన్ను కూడా పెనం మీద వేస్తాడక్కా."

"పెనం చిన్నదిలే. నువ్వు పట్టవు."

ఆరు ప్లగ్గులూ విప్పాము. వెర్లిన్ యాక్సిలరేటరు నేలకు తొక్కిపెట్టి సెల్ఫ్ కొట్టాడు. నూట ముప్పై చూపవలసిన ముల్లు యాభై దగ్గర నిలిచింది. రెండవది యాభై. మూడవది నలభై తొమ్మిది. ఆరింటిలోనూ రెండు అంకెల తేడా లేదు. ప్రతి సిలిండరులోనూ చెంచాడు నూనె పోసి మళ్ళీ చూశాము. రింగులది దోషమైతే నూనె ఆ సందులు మూసి, ముల్లు పైకి లేవాలి. లేవలేదు.

"రింగులు కాదక్కా," అన్నాడు వెర్లిన్. "టైమింగు గొలుసు ఒక పన్ను తప్పి ఉంటుంది."

ఇంజను ముందువైపు మూత విప్పి చూశాము. గుర్తులు రెండూ ఎదురెదురుగా నిలిచి ఉన్నాయి, అంటే గొలుసు సరిగానే ఉంది. తరువాత గొట్టం బిగించి ఒక్కొక్క సిలిండరులోకి గాలి పంపాము. గాలి కార్బొరేటరులోనుండీ వచ్చింది, వెనుక పొగగొట్టంలోనుండీ వచ్చింది. ఆరింటికీ అంతే. అంటే వాల్వులు ఒక్కటీ పూర్తిగా మూసుకోవడం లేదు.

పైమూత తీశాను. పన్నెండు వాల్వులకు పన్నెండు మరలు. ఒక్కొక్క మర లాక్ నట్టు మీద ఒక పసుపు చుక్క. సందు కొలిచి బిగించి, ఇక దీనిని ముట్టనక్కరలేదు అనుకున్నాకే అన్న ఆ చుక్క పెడతాడు. చిన్నతనంలో ఆ కుంచె పట్టుకుని పక్కన నిలిచేది నేనే. ఒక్క చుక్క కూడా చిట్లలేదు. ఆ తరువాత ఎవరి చెయ్యీ పడలేదు.

సందులో కొలత రేకు దూర్చబోతే దూరలేదు. సందే లేదు; మర అంత అతిగా బిగిస్తే వాల్వు మూసుకోదు. మొదటి మర వదులు చేశాను. ముప్పావు చుట్టుకు రేకు సరిగ్గా జారింది. రెండవదీ ముప్పావు చుట్టే. మూడవదీ అంతే.

వెర్లిన్ తల గోక్కున్నాడు. "పెద్దవాడయ్యాడు కదా, మరిచిపోయి ఉంటాడు."

"మరిచిపోయినవాడు పన్నెండూ ఒకే కొలతలో మరిచిపోడు."

అతడు చూపు నేలకు దించుకున్నాడు. నేను నాలుగవ మరకు వెళ్ళాను. నా వేళ్ళు పని చేస్తున్నాయి గాని, మనస్సులో బుధవారం నాటి ఆ అరచెయ్యి తప్ప మరేదీ లేదు.

పదకొండవ మర దగ్గర ఉండగా అన్న లోపలికి వచ్చాడు. బట్ట కప్పిన పళ్ళెం చేతిలో ఉంది. నా కోసం తెచ్చిన పాన్‌కేకులు. తీసిన పైమూత చూసి, పళ్ళెం బల్ల మీద పెట్టాడు.

"నేనే వదులు చేసేవాణ్ణి చెల్లీ. సోమవారం దాటాక."

"రింగులన్నావు."

"రింగులంటే నువ్వు విప్పి చూడవని." పళ్ళెం మీది బట్ట సర్దాడు. "మీ వదిన మార్తా పోయాక ఆ ఇంట్లో నేనూ గడియారమూ. నువ్వూ పోతే..."

"ఆ మాటే నాతో అనొచ్చు కదా. ఉండమని అడగొచ్చు కదా."

"అడిగితే ఉండేదానివి కావు."

"బహుశా ఉండేదాన్ని కాదేమో. నిజం చెప్పి వెళ్ళేదాన్ని." నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "నా కోపం మరలు బిగించినందుకు కాదు అన్నయ్యా. వాటిని విప్పగలను. జబ్బు ఏమిటో తెలిసీ, నా చెయ్యి పట్టుకుని, చూపించమని దేవుణ్ణి అడిగావు. నా చేత ఆమెన్ అనిపించావు."

వెర్లిన్ గేజి చుట్టిపెట్టుకుని, అవసరం లేకపోయినా దాన్ని మళ్ళీ విప్పి చుట్టాడు.

పన్నెండవ మర కూడా సరిచేశాను. అన్న అలమరలోనుండి చిన్న రంగు డబ్బా తెచ్చి నిలబడ్డాడు. "చుక్కలు పెట్టనా?"

"వద్దు. ఆ చుక్కను ఇక నమ్మలేను. ఇక ఎప్పుడూ అడగవద్దు."

మూతలు పెట్టి, ప్లగ్గులు బిగించి సెల్ఫ్ కొట్టాను. మూడవసారికి ఇంజను అంటుకుంది. ఒక్కొక్క సిలిండరూ బిగువుగా, గంభీరంగా పలికింది. అంత చక్కగా కూర్చిన ఇంజను మా ఊరిలో మరెవరి చేతా కాదు. ఆ సంగతి తలచినప్పుడే నాకు కన్నీరు వచ్చింది.

మగ్గం మోయడానికి ముగ్గురు కావలసి వచ్చింది. అన్న బరువైన వైపు పట్టుకున్నాడు. తాళ్ళు కట్టి, ముడులు లాగి చూసి, వెనక్కి జరిగాడు. నేను బండి ఎక్కాను గాని, అద్దం దించలేదు. చల్లారిన పాన్‌కేకులు బల్ల మీదే ఉండిపోయాయి.

సరస్సు దాకా మూడు వందల మైళ్ళు. ఇంజను ఎక్కడా తడబడలేదు. అయినా ప్రతి ముప్పై మైళ్ళకూ రోడ్డు పక్కన ఆపి, బానెట్ ఎత్తి, చెవి పెట్టి విన్నాను. మా అన్న చేసిన పనిని నేను సరిచూసుకోవడం అరవై ఆరేళ్ళలో ఆ వారమే మొదలు.