బంగారుపాళ్యంలో తీపి దొంగ

బంగారుపాళ్యం హైవే పక్కన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో దొంగ పడ్డాడు. తాళం పగల్లేదు. డ్రమ్ము కదల్లేదు. గుజ్జులోంచి తీపి మాత్రం మాయమైంది.

ఈ ఘోరాన్ని కనిపెట్టింది ఓనరు ధనంజయ. తీపిని కొలిచే మీటరు ల్యాబులో ఉంది. కానీ దాన్ని ఎవరో జపాన్‌లో తయారుచేశారు. ధనంజయ నాలుకను స్వయంగా వాళ్ళ నాయన తోతాపురి తోటల్లో తిప్పి తయారుచేశాడు. అందుకే ఏ ట్యాంకు గుజ్జయినా ఆయన గరిటెడు నోట్లో వేసుకుని తలూపితేనే డ్రమ్ముల్లోకి వెళ్తుంది. వారంగా ఆ తల ఊగడం లేదు.

"థూ! సింతపండు పిసికినట్టుండాది," అని ఆ పొద్దు కూడా ఉమ్మేశాడు.

ల్యాబు కెమిస్టు పవిత్ర మీటరు చూపించింది. "తీపి సరిగ్గానే ఉండాది సార్."

"మీటరుకు నోరుండాదా పాపా? నాకుండాది. పచ్చికాయల్ని పాస్ చేసేస్తా ఉండావు. తీపి యాడికి పోయిందో సాయంత్రంలోగా తేల్చు. లేదంటే రేపట్నించి నీ ఉద్యోగం గేటవతలే!"

తిరుమల కొండ దిగి గుండుతో నేరుగా డ్యూటీకొచ్చిన సూపర్‌వైజరు గుణశేఖర్ కూడా రుచి చూశాడు. అతని నాలుకకు ఓనరు నాలుక నుంచే కనెక్షన్.

"అవున్సార్, యమా పులుపు! దవడలు గుంజుతా ఉండాయి," అంటూ గరిటెను అడుగంటా నాకేశాడు.

పవిత్ర అపరాధ పరిశోధన మొదలుపెట్టింది. పండ్లు మాగబెట్టే గదిలో వాసన చూసింది. నీళ్ళ పైపులు తడిమింది. వాచ్‌మన్‌ను అనుమానించింది, వాచ్‌మన్ ఆమెను అనుమానించాడు. దొంగ దొరకలేదు. మధ్యాహ్నానికి ఓటమి ఒప్పుకుందామని గుజ్జు గిన్నె, గరిటె పట్టుకుని ఓనరు గదిలోకి వెళ్ళింది.

ధనంజయ దవడ ఆడుతూ ఉంది. ఎప్పుడూ ఉండే తాంబూలం పళ్ళెం బల్లమీద లేదు. దాని చోట టిఫిన్ డబ్బా, డబ్బాలో పచ్చటి ఆకులు.

"ఏమాకు సార్ అది?"

"పొడపత్రి. నాకు షుగరని మా ఇంట్లోవాళ్ళు తెప్పించినారు. వారమాయె, పొద్దస్తమానం నములుతానే ఉండా. స్వీటు మీద ఆశే పోయింది, పో!"

ఇలాంటి ఘట్టంలో ఆకాశంలో మెరుపు మెరవాలి. బంగారుపాళ్యంలో కరెంటు పోయింది.

తిరుపతిలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు పవిత్ర ఒక వేసవంతా ఈ ఆకు సారమే తీసింది. దొంగ పేరు అప్పటినుంచీ తెలుసు. జిమ్నెమిక్ ఆమ్లాలు.

"సార్, బస్సు కిటికీలోంచి తువ్వాలేసి సీటు పట్టుకుంటారే, ఈ ఆమ్లాలు చేసేది అదే పని. నాలుక మీద తీపి సీట్లన్నీ ముందే పట్టేస్తాయి. చక్కెర వచ్చేసరికి కూర్చునేదానికి చోటుండదు. పేగుల్లోనూ అదే కత. అందుకే షుగరుకు మంచిదంటారు. పులుపు సీట్ల జోలికి మాత్రం పోవు. గుజ్జులో మీకు మిగిలేది పులుపొకటే."

ధనంజయ నమలడం ఆపాడు. "అంటే తప్పు నా నాలుకదా? మూడు తరాల నాలుక ఇది! గుణశేఖరా, ఈ పాపకు లెక్క తేల్చి పంపించేయప్పా!"

గుణశేఖర్ లోపలికొచ్చాడు. చేతిలో పళ్ళెం. "ముందు స్వామి ప్రసాదం తీసుకోండి సార్. కొండమీద మీ పేరు చెప్పి మొక్కినాను."

ధనంజయ లడ్డు ముక్కను కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నాడు. నెయ్యి వాసన తగిలింది. యాలకుల ఘాటు తగిలింది. జీడిపప్పు పలుకు కూడా తగిలింది. మిగతాదంతా ఇసుక.

పవిత్ర ఆయన ముఖం చూసింది. నెమ్మదిగా అడిగింది. "ప్రసాదం ఎట్లుండాది సార్?"

చిత్తూరు వైపు ఒక ఓనరు కెమిస్టును తిట్టవచ్చు. రైతును, మీటరును, సర్కారును తిట్టవచ్చు. వెంకన్న లడ్డు తియ్యగా లేదన్న మనిషి మాత్రం ఇంకా పుట్టలేదు. ఆ మొదటివాడు కావాలన్న కోరిక ధనంజయకు లేదు.

"అ... అమృతం."

"తీపి సరిపోయిందా సార్?"

"దేవుడి ప్రసాదానికి వంకలు పెడతారా ఎవరైనా? కండ్లు పోతాయి!"

పవిత్ర గరిటెడు గుజ్జు అందించింది. "అయితే అదే నోటితో ఇది కూడా సూడండి సార్."

ధనంజయ గుజ్జు చప్పరించాడు. లడ్డు పళ్ళెం వైపు చూశాడు. గుణశేఖర్ గుండు వైపు, గోడమీద స్వామి పటం వైపు చూశాడు. ఈ నాలుకతో గుజ్జు పులుపంటే లడ్డు ఇసుక. లడ్డు అమృతమంటే గుజ్జూ అమృతమే. ఆ చింతపండు రసాన్ని మింగి, తలూపాడు.

"తీపే."

"పట్టుతేనె సార్! నేను పొద్దున్నే అనుకున్నా," అన్నాడు గుణశేఖర్.

కరెంటు తిరిగొచ్చింది, డ్రమ్ములు నిండడం మొదలైంది. పవిత్ర ఉద్యోగం గేటు లోపలే ఉండిపోయింది. క్షమాపణలాంటి అనవసరమైన మాటలేవీ ఎవరూ మాట్లాడలేదు.

ఆమె తలుపు దాటబోతుంటే ధనంజయ పిలిచాడు. కళ్ళలో కొత్త మెరుపు. "ఈ ఆకు పనితనం ఎంతసేపుంటాది పాపా?"

"గంట దాకా ఉంటాది సార్."

"రేపు రేటు మాట్లాడేదానికి రైతులొస్తారు. పాపం, వాళ్ళకూ ఆరోగ్యం కావాల కదా. రాంగానే తలా రెండాకులు నమిలించు. ఆమీట వాళ్ళ కాయల్ని కోసి వాళ్ళకే పెట్టు. తీపి లేదని వాళ్ళ నోటితోనే అంటారు."

"అట్లనే సార్," అంది పవిత్ర. "కాయలకు ముందు తలా ఒక లడ్డు ముక్క పెట్టేదా?"

ధనంజయ టిఫిన్ డబ్బా మూత పెట్టేశాడు.