చల్లారని షాఫ్టు

సూవా రేవు పక్కన, పడవలు బాగుచేసే షెడ్డులో, లేత్ పనిలో ఎమోసీకి సాటి వచ్చేవాడు లేడనేవారు. అలాంటి మనిషికి ఈమధ్య మతిమరుపు ముదిరింది. మొన్నటికి మొన్న ఇనుప కడ్డీని పట్టి ఉంచే చక్‌ని బిగించి, ఆ బిగించిన తాళంచెవిని తియ్యకుండానే లేత్ ఆన్ చేశాడు. అది ఎగిరివెళ్ళి గోడకు కొట్టుకుంది. ఎవరి తలా పగల్లేదు, అదే పదివేలు.

యజమాని కమలేష్ ఎమోసీ కూతురు అకనీసీని పక్కకు పిలిచాడు.

"మీ నాన్నంటే నాకు గౌరవమేనమ్మా. కానీ ఇంకొక్క పొరపాటు జరిగిందా, ఇంట్లో కూర్చోబెట్టేసెయ్."

ఇంట్లో కూర్చోబెడితే ఆయన బతకడు. ఆ సంగతి అకనీసీకి తెలుసు. పని నేర్చుకునేది ఆయన దగ్గరే గనక, రోజంతా ఆయన్ని ఓ కంట కనిపెడుతూనే ఉంది.

ఆ పూట అకనీసీ దీవులకి వెళ్ళే పడవ కోసం లేత్ మీద ఉక్కు షాఫ్టు చెక్కుతోంది. అది చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది.

"కొలిచి చూడు," అన్నాడు ఎమోసీ.

"చల్లారలేదు నాన్నా."

"నాకే నేర్పుతావుటే? కొలువు."

వేడికి ఉక్కు ఉబ్బుతుంది, చల్లారాకే కొలవాలి. ఎవరొచ్చినా మొదటి రోజు ఆయన చెప్పే పాఠమే అది. దాన్నే ఆయన మర్చిపోయాడని అకనీసీకి అర్థమైంది. అయినా పుట్టి బుద్ధెరిగాక ఆయన మాట కాదన్నది లేదు. కొలిచింది.

"రవ్వంత ఎక్కువుంది."

ఆయనే పిడి తిప్పి ఆ రవ్వంతా తీసేశాడు.

మధ్యాహ్నం కర్రపెండలం తినొచ్చేసరికి షాఫ్టు చల్లారి సన్నబడింది. బేరింగ్ తొడిగితే లొడలొడలాడింది. కమలేష్ మొహం మాడిపోయింది.

"ఎవరి నిర్వాకం ఇది?"

"నాదే," అంది అకనీసీ. "తొందరపడి వేడి మీదే కొలిచాను."

ఎమోసీ విసురుగా లేచాడు.

"వేడి మీద కొలుస్తారా ఎక్కడైనా? ఎవరయ్యా కమలేష్, ఈ పిల్లని లేత్ దగ్గరికి రానిచ్చింది? పంపించెయ్. మా అకనీసీని పిలిపించు. చల్లారేదాకా అది ముట్టుకోదు. నేనే నేర్పాను."

కమలేష్ ఆమెకేసి చూసి తల దించుకున్నాడు.

"రేపట్నుంచి నాన్నని తీసుకురాకమ్మా," అన్నాడు మెల్లగా.

అకనీసీకి ఏడుపు ఆగలేదు. ఎమోసీ మాత్రం స్టూలు మీద కూర్చుని, కూతురు వస్తుందని గుమ్మం వైపే చూస్తున్నాడు.