లోడుబండి దారి

"సంతకం మాత్రం పెట్టకమ్మా," అన్నారు సూర్యప్రకాశరావు గారు, కాగితాన్ని బల్ల మీద పెడుతూ. "పెడితే తప్పు మీ ఆయనదేనని నువ్వే ఒప్పుకున్నట్టు. ఆ తర్వాత ఎవరొచ్చినా దాన్ని మార్చలేరు."

జాయ్సీ తల దించుకుంది. పొద్దున్నే తాడేపల్లిగూడెంలో పాసింజరెక్కి, ఏలూరు పవరుపేట స్టేషన్లో దిగి, వానలో ఆయన ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఏలూరు లా కాలేజీలో చాలా ఏళ్ళు అంతర్జాతీయ న్యాయం పాఠం చెప్పి, ఆ మధ్యనే రిటైరైన మనిషి ఆయన. ఆమె వెళ్ళే చర్చి పాస్టరుగారి అబ్బాయి ఆయన శిష్యుడు. అతను చెబితేనే వచ్చింది.

అది 2004, ఆగస్టు. ఆమె భర్త అనిల్ కుమార్ చనిపోయి రెండు నెలలు దాటింది.

అనిల్ తాడేపల్లిగూడెం రైసు మిల్లుల దగ్గర లారీ నడిపేవాడు. ఇన్నేళ్ళలో తన బండి కింద కోడిపిల్ల కూడా పడలేదని గొప్పగా చెప్పుకునేవాడు. నిరుడు వేసవిలో కువైట్ వెళ్ళాడు. ఆ ఊళ్ళోనే డ్రైవింగని చెప్పి తీసుకెళ్ళిన కంపెనీ నెల తిరక్కుండానే అతన్ని సరిహద్దు దాటించింది. ఇరాక్‌లో ఉన్న అమెరికా సైన్యానికి సరుకులు మోయడం పని. జూన్ మొదట్లో ఫోనొచ్చింది. కాల్పుల్లో పోయాడని తోటి డ్రైవర్లు చెప్పారు. కంపెనీ పంపిన కాగితంలో తుపాకీ ఊసే లేదు. డ్రైవరు రోడ్డు నియమాలు పాటించలేదు, అతని నిర్లక్ష్యం వల్లే చనిపోయాడు, ఇందులో ఎవరి బాధ్యతా లేదు అని ఉంది. దాని మీద భార్య సంతకం చేస్తేనే శవపేటిక విమానం ఎక్కుతుంది. అప్పటిదాకా అతను కువైట్‌లో మార్చురీలోనే ఉంటాడు.

ఈలోగా మిల్లుల దగ్గర మాట పుట్టింది. తాగి నడిపి ఉంటాడన్నారు. నిద్రపోయి ఉంటాడన్నారు. జాయ్సీ టైలరింగు షాపుకి జాకెట్టు గుడ్డ తెచ్చినావిడ కూడా జాలిగా అదే అడిగింది.

"కోర్టులో చెప్పాలండీ," అంది జాయ్సీ. "డబ్బులక్కర్లేదు. ఆయన తప్పు లేదని ఎక్కడో ఒకచోట, ఒక కోర్టులో రాస్తే చాలు. ఏ కోర్టుకెళ్ళాలి సార్?"

ఆయన లేచి కిటికీ తలుపు వేసి వచ్చి, ఒక్కొక్కటే వివరించారు. ఇరాక్ కోర్టుకి వెళ్దామంటే, తమ కోసం పనిచేసే కంపెనీలవాళ్ళ మీద అక్కడి కోర్టుల్లో కేసు నడవదని, దేశాన్ని ఆక్రమించినవాళ్ళే ఆర్డరు వేసుకున్నారు. జూన్ నెలాఖరుకి అధికారం అప్పగించామన్నారు గానీ ఆ ఆర్డరు అలాగే ఉంది. కువైట్ కోర్టు తన సరిహద్దు అవతల జరిగిందంటుంది. మన కోర్టు నుంచి సమన్లు పంపినా తీసుకునే నాథుడుండడు. ప్రపంచ న్యాయస్థానానికి మనుషులు వెళ్ళలేరు, దేశాలే వెళ్ళాలి. మన దేశమేమో, ఇరాక్ వెళ్ళొద్దని ముందే చెప్పామంటోంది.

"నిరుడు మార్చిలో క్లాసులో చెప్పానమ్మా, భద్రతామండలి ఒప్పుకోని యుద్ధం చట్టవిరుద్ధమని. బోర్డు మీద రాసి మరీ చెప్పాను. మే నెలలో అదే మండలి, ఆక్రమించినవాళ్ళకి ఒక పేరు పెట్టి, హక్కులూ బాధ్యతలూ అప్పజెప్పింది. వెనక బెంచీలో మేఘన అని ఒకమ్మాయి లేచి, ఇప్పుడు బోర్డు తుడిచెయ్యాలా సార్ అంది. అందరూ నవ్వారు."

"మీరేమన్నారండీ?"

"చట్టం విరగలేదు, కాస్త పక్కకి జరిగి చోటిచ్చిందన్నాను."

ఆయన మళ్ళీ కాగితం అందుకుని, కళ్ళతో చూసినవాడు ఒక్కడైనా కావాలన్నారు. సాక్షి ఉంటే ఢిల్లీకి రాయొచ్చు, మన ప్రభుత్వాన్నే అడగమని గట్టిగా పట్టుబట్టొచ్చు. జాయ్సీకి ఒక పేరు తెలుసు. ఏసుకుమార్. అనిల్ వెనక బండి నడిపినవాడు. లారీ డ్రైవర్లని ఎత్తుకుపోవడం మొదలయ్యాక భయపడి తిరిగొచ్చేసి, కొల్లేటి లంకలో అత్తారింట్లో ఉంటూ చేపల లారీ నడుపుతున్నాడని విన్నది.

ఇంటికెళ్ళి అత్తగారు పుష్పమ్మకి ఆ మాట చెబితే, ఆవిడ విస్తరాకులు కుట్టే పని ఆపలేదు.

"సంతకానికి చెయ్యి రాదు గానీ ఊళ్ళు తిరగడానికి కాళ్ళొస్తున్నాయి నీకు," అంది. "నీకు కోర్టు కావాలి. నాకు నా పిల్లాడు కావాలి. వాడికి మట్టెయ్యకుండా నేను పోతే ఏ కోర్టు చెబుతుందే నాకు సమాధానం?"

ఆవిడ అడిగింది న్యాయమేనని జాయ్సీకి తెలుసు.

ఆదివారం ఆరాధన అయ్యాక ఏలూరు వెళ్ళింది. సూర్యప్రకాశరావు గారు గొడుగుతో సిద్ధంగా ఉన్నారు. ఇద్దరూ ఆటో ఎక్కారు. ఊరు దాటాక కొల్లేటి గట్టు మీద ఒంటి తారు రోడ్డు. రెండు పక్కలా చేపల చెరువులు, వాటి నిండా వాననీరు. దూరంగా ఒక లారీ కనబడి ఒక్కసారి హెడ్‌లైట్లు కొట్టింది. ఆటోవాడు మారుమాట లేకుండా తారు దిగి, బురదలోకి దింపి ఆపాడు. లారీ తాపీగా వెళ్ళిపోయింది. అది దిగొచ్చుగా అని మాస్టారు విసుక్కున్నారు.

"లోడుబండండీ," అన్నాడు ఆటోవాడు. "లైటు కొట్టిందంటే లోడుందని. ఖాళీగా ఉన్నవాడే దిగాలండీ. దాన్ని దింపితే గట్టు జారిపోయి, పట్టిన చేపలన్నీ మళ్ళీ చెరువులోకే పోతాయి."

జాయ్సీకి అది కొత్త కాదు. పెళ్ళైన కొత్తలో క్యాబిన్‌లో అనిల్ పక్కన కూర్చుని ఈ రోడ్డు మీద వెళ్ళింది. ఎంత పెద్ద కారైనా సరే, లైటు కొడితే దిగాల్సిందే. కలెక్టరు జీపైనా అంతేనని నవ్వేవాడు.

లంకలో అత్తారింటి ముందు, ఏసుకుమార్ లారీ కిందనుంచి బయటికొచ్చాడు. చేతుల నిండా గ్రీజు. ఆమెని చూడగానే మొహం మాడిపోయింది. అయినా తప్పించుకోలేదు. మంచం వాల్చి కూర్చోబెట్టి, తను నేల మీద గొంతుకూర్చున్నాడు. జాయ్సీ ఒక్కటే అడిగింది, తాగి ఉన్నాడా అని.

"ఛ. మంచినీళ్ళు తప్ప ఏం లేవు వదినా. బండి నిండా మంచినీళ్ళ సీసాలే."

తర్వాత మెల్లగా చెప్పుకొచ్చాడు. మధ్యాహ్నం వేళ. ఎడారిలో రోడ్డు. సగం బాంబులకి పోయి, ఒక్క బండి పట్టేంత తారే మిగిలింది. ఎదురుగా నాలుగు బండ్లు వస్తున్నాయి. సైన్యం కూడా కాదు, కూలికి తుపాకీ పట్టినవాళ్ళు. వాళ్ళు కనబడితే దూరంగా తారు దిగి ఆగిపోవాలని కంపెనీవాళ్ళు హిందీలో చెప్పారు. అనిల్ కూడా విన్నాడు. అంతకు ముందు వారం అలాగే దిగితే బండి ఇసకలో కూరుకుపోయింది. సీసాలు పగిలాయని తిట్లు కూడా తిన్నాడు.

"నేను దిగిపోయాను వదినా. అన్న దిగలేదు." ఏసుకుమార్ గ్రీజు చేతుల్నే చూసుకుంటున్నాడు. "అవి నాలుగూ ఖాళీ బండ్లు. అన్నది లోడు. లైట్లు కొట్టాడు."

మాస్టారు ముందుకి వంగారు. "ఇక్కడ కొట్టినట్టా?"

"ఇక్కడ కొట్టినట్టేనండీ. వాళ్ళు చూసుకుని దిగుతారనుకున్నాడు. మళ్ళీ ఒకసారి కొట్టేసరికి కాల్చేశారు. అంతే."

లోపల ఎవరో పిల్లని జో కొడుతున్నారు. ఏసుకుమారే అడిగాడు, తను ఎక్కడికొచ్చి ఈ మాట చెప్పాలని. ఎక్కడికైనా వస్తానన్నాడు. మాస్టారు కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుస్తూ ఉండిపోయారు. ఆయన ఎందుకు మాట్లాడటంలేదో జాయ్సీకి అర్థమైంది. ఇన్నాళ్ళూ వెతుక్కున్న సాక్షి, కాగితంలో ఉన్న మాటే చెబుతున్నాడు. ఆగమన్నచోట ఆగలేదు. నియమం పాటించలేదు.

"ఆ నియమం ఎవరు పెట్టారు సార్?" అంది, తిరిగొచ్చేటప్పుడు.

"వాళ్ళే."

"ఆ దేశం వాళ్ళది కాదు కదండీ. రోడ్డూ వాళ్ళది కాదు."

"కాదు." ఆయన ఆటో బయటికి చూస్తున్నారు. "బలమున్నవాడు పదిసార్లు చేస్తే అలవాటంటారమ్మా. మిగిలినవాళ్ళు నోరు మూసుకుంటే ఒప్పుకున్నారంటారు. కొన్నేళ్ళకి అదే చట్టమని నాలాంటివాడు పాఠం చెబుతాడు. మీ ఆయనది కూడా చట్టమే. ఎవరూ రాయకపోయినా, ఈ గట్టు మీద అందరూ పాటించే చట్టం. అది ఇక్కడితో ఆగిపోయింది."

మర్నాడు జాయ్సీ తాడేపల్లిగూడెంలోనే ఉన్న ఏజెంటు ఆఫీసుకి వెళ్ళింది. సంతకం చేసే ముందు కాగితాన్ని తెలుగులో చదివి చెప్పమంది. అతను గబగబా చదివాడు. రోడ్డు నియమాలు అన్నచోట ఆపి, ఏ రోడ్డండీ అని అడిగింది. అతనికి అర్థం కాలేదు. ఇవన్నీ మామూలుగా రాసేవేనమ్మా అన్నాడు. ఆమె సంతకం పెట్టి లేచింది.

శవపేటిక వారానికి వచ్చింది. హైదరాబాదు నుంచి అంబులెన్సులో తెచ్చారు. తెరవొద్దని సీలు వేశారు. పుష్పమ్మ పెట్టె మీద చెంప ఆనించి, తల ఎటుందో చెప్పమని డ్రైవరుని అడిగింది. తనకి తెలియదన్నాడు.

సమాధుల తోటకి జనం బాగానే వచ్చారు. మిల్లు డ్రైవర్లూ, హమాలీలూ, టైలరింగు షాపు వీధివాళ్ళూ. సూర్యప్రకాశరావు గారు చెప్పులు విప్పి చివర నిలబడ్డారు. పాస్టరుగారు ప్రార్థన ముగించి, పెట్టె దించడానికి తాళ్ళు అందుకోమనబోతుంటే పుష్పమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. కోడలి వైపు తిరిగింది.

"నువ్వు సంతకం పెట్టిన దాంట్లో ఏముందే? నా కొడుకు ఏం తప్పు చేశాడని రాశారు?"

చుట్టూ అందరూ వింటున్నారు.

"ఏ తప్పూ లేదని రాశారత్తయ్యా."

పుష్పమ్మ నమ్మలేదు. ఆ ముసలి కళ్ళు జనంలో వెతికి మాస్టారి దగ్గర ఆగాయి. "మీరు చదివారంట కదా బాబూ. చట్టం తెలిసినవారు. నిజమేనా?"

ఆయన జాయ్సీని చూశారు. ఆమె ఆయన్ని చూడలేదు, పెట్టెనే చూస్తోంది.

"నిజమేనమ్మా," అన్నారాయన. "చట్టప్రకారం అతని తప్పు లేదు."

"అయితే ఆ మాట వీళ్ళందరికీ చెప్పండి."

ఆయన తడి మట్టి మీద నడుచుకుంటూ గోతి అంచుకి వచ్చారు. ఎవరివైపు చూడాలో తెలియనట్టు ఒక్కక్షణం నిలబడి, అనిల్ కుమార్ తప్పు ఏమీ లేదని చట్టం తేల్చిందని చెప్పారు. వెనక ఉన్న మిల్లువాళ్ళకి వినబడలేదు. వాళ్ళకీ చెప్పండి బాబూ, అంది పుష్పమ్మ.

రెండోసారి ఆయన గట్టిగా, తడుముకోకుండా చెప్పారు. వెనక ఎవరో తలపాగా తీశారు. తాళ్ళు కదిలాయి. అప్పుడు, అంతదాకా ఒక్క కన్నీటిచుక్క రాని జాయ్సీ, అత్తగారి భుజం మీద పడి ఏడవడం మొదలుపెట్టింది.