ఖాళీ బండిని చూడ్డానికొచ్చిన దొర

చాక్ లేన్ రైలు లైను గురించి గొప్పలు చెప్పుకోవడానికేమీ లేదు. ఎటు తిరిగినా నాలుగే స్టేషన్లు. దీనికన్నా గుర్రపుబండే నయమని లండన్ జనం వెక్కిరించేవారు. కానీ ఆ లైను వేసేటప్పుడు కెజయా పుట్టిన వీధిని నేలమట్టం చేసి, అక్కడివాళ్లను ఊరి చివరికి తరిమేశారు. దానికి బదులుగా కూలీనాలీ జనం కోసం తెల్లారగట్ల ఒక చౌక బండి నడపాలని చట్టం పెట్టారు. అందుకే ఆ లైను మీద కెజయాకి ఎంత కోపమో అంత హక్కు. బండి ఆగితే టోపీల కొట్టులో ఆమె పని పోయినట్టే.

కొట్టు తెరిచే వేళకు చాలా ముందే బండి దింపేసేది. అందాకా టోపీలు కుట్టే ఆడపిల్లలంతా దగ్గరి చర్చిలో కూర్చుని కునుకు తీసేవారు. ఇంత భక్తి తానెక్కడా చూడలేదని పాదిరీగారు మురిసిపోయేవారు.

ఆ శుక్రవారం ప్లాట్‌ఫారం బోసిపోయి ఉంది. చౌక టిక్కెట్టు కొన్నవాళ్లు నిజంగా కూలీలో కారో చూసి, కానివాళ్లను పట్టుకోవడానికి రైలు కంపెనీ దొర వస్తున్నాడని స్నేహితురాలు ఫ్లోరీ ముందురోజే పుకారు తెచ్చింది. సూదిపని కూలీ కిందికి వస్తుందో రాదో ఎవరికీ తెలియదు. అందరూ నడిచిపోదామనుకున్నారు. మడమ పుండుపడి నడవలేక కెజయా ఒక్కతే తెగించి వచ్చింది.

"మీవాళ్లంతా ఏ గంగలో కలిశారే?" అన్నాడు పోర్టరు ఆబెల్ గొంతు తగ్గించి. "అదిగో దొర. జనం లేకపోతే సర్కారుకి ఆ మాటే రాసి, సోమవారం నుంచి ఈ బండి ఆపేస్తాడంట!"

కెజయా కుంటుకుంటూ మెట్లు దిగింది. నడక మొదలెట్టేముందు వంతెన కింద కాఫీబండి దగ్గర అందరూ చలికాచుకుంటున్నారు.

"ఒసేయ్ ఫ్లోరీ! కూర్చున్న కొమ్మ మనమే నరుక్కుంటున్నామే! వాడొచ్చింది పట్టుకోడానికి కాదు, ఎంతమంది ఎక్కుతారో చూడ్డానికి. పదండి!"

"పట్టుకుంటేనో?"

"నన్నే ముందు పట్టుకోమను!"

పైన బండి వచ్చి ఆగినా ఆబెల్ జెండా ఎత్తకుండా బూటు తాడు కట్టుకుంటున్నాడు. కట్టిన తాడే విప్పి మళ్లీ కట్టాడు. ఇంతలో ప్లాట్‌ఫారం నిండిపోయింది.

దొర కనుబొమలు ముడిచాడు. "టోపీలూ, చేతులకు తొడుగులూనూ! మీరు కూలీలా?"

కెజయా తొడుగు లాగేసింది. వేళ్ల నిండా సూదిపోట్లు. "ఈ చేతుల్నేమంటారో మీరే చెప్పండి దొరగారూ."

ఒకరి తర్వాత ఒకరు అందరూ తొడుగులు తీశారు. దొర ఆ చేతులన్నిటినీ వరసగా చూశాడు.

"ఎక్కండి, ఆలస్యమవుతోంది," అన్నాడు చివరికి.

అందరికన్నా వెనక ఆయనా ఎక్కాడు. కూర్చోడానికి చోటు లేదు.

"పాపం, కాస్త జరగండే," అంది ఫ్లోరీ.

"నిలబడనీవే. కాళ్లు లాగితే ఇంకో పెట్టె తగిలిస్తాడు," అంది కెజయా.

దొర విన్నాడు. మీసాల చాటున నవ్వాడు కూడా.

సోమవారం బండికి నిజంగానే ఇంకో పెట్టె వచ్చింది. కెజయా అందులో పుండుకాలు బారజాపుకుని కూర్చుంది.